గూట్లో పెట్టిన కెమెరా

మా అమ్మ ముఖం నాకు బాగా గుర్తుంది. గొంతు గుర్తులేదు. సిగ్గుపడి ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. పందొమ్మిదేళ్ళు ఆవిడ చేతి అన్నం తిని, రోజుకు పదిసార్లు ఆవిడ పిలిస్తే పలికిన కొడుకు, ఆ పిలుపు ఎలా ఉండేదో మర్చిపోయానంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు? కానీ మర్చిపోయాను. ఆవిడ అన్న మాటలు ఎన్నైనా చెప్పగలను. అవన్నీ ఇప్పుడు నా గొంతులోనే వినబడతాయి. కలలోకి వచ్చినప్పుడు కూడా పెదవులు కదుపుతుంది, చేతులు తిప్పుతుంది, సినిమా హాల్లో సౌండు పోయినప్పుడు తెర మీద మనుషుల్లాగ. నేను ఏలూరు కాలేజీలో చదువుతుండగా పది రోజుల జ్వరంతో పోయింది. అప్పటినుంచీ ఆ మూగ కల నన్ను వదల్లేదు. ఏం చెబుతోందో వినబడక, ప్రతిసారీ మధ్యలోనే లేస్తాను.

పోయిన నెల సుధ తాడేపల్లిగూడెం నుంచి మా ఇంటికి వచ్చింది. సుధ మా పెదనాన్న మనవరాలు, నాకు అన్నకూతురి వరస. ఎనిమిది నెలల కొడుకుని చంకనేసుకుని వచ్చి, వాణ్ణి నా ఒళ్ళో పడేసి, సంచీలోంచి పాలసీసాతో పాటు ఒక చిన్న వీడియో టేపు తీసింది. ఊళ్ళో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్యగారి ఇనప్పెట్టెలో దొరికిందట. దాని మీద పెదనాన్న గుండ్రటి అక్షరాల్లో ‘కెమెరా పరీక్ష’ అని రాసి ఉంది. “బాబాయ్, వీడి కోసం ఒక చిన్న వీడియో కెమెరా కొందామనుకుంటున్నానండీ. ఫోన్లో తీస్తుంటే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మెమొరీ నిండిపోతుంది. పెద్దవి నాకు చేతకావు. చవకగా, తేలిగ్గా, ఇంట్లో తీసుకోడానికి సరిపడేది చాలు. మీరు చిన్నప్పుడు తాతయ్యగారితో కలిసి కెమెరాని పరీక్ష చేశారంట కదా, మా నాన్న ఎప్పుడూ చెబుతుంటారు” అంది. నేను కూడా పెద్ద నిపుణుడిలాగ, బరువు చూడమన్నాను, చీకట్లో ఎలా తీస్తుందో చూడమన్నాను, అన్నిటికంటే ముందు బ్యాటరీ చూడమన్నాను. మాది అందుకే వెనక్కి పంపేశామని కూడా చెప్పాను. అలా చెబుతున్నంతసేపూ నా కళ్ళు ఆ టేపు మీదే ఉన్నాయి. అది ఇంకా ఈ లోకంలో ఉందని నాకు తెలియదు.

మా ఊరు ముదినేపల్లికి ఇవతల. సైకిలెక్కితే గంటలో కొల్లేరు. పెదనాన్నా, నాన్నా కలిసి ఉండేవారు, ఒకటే వ్యవసాయం, ఒకటే వంట. నాన్న అన్నగారి మాట దాటని మనిషి. పొద్దున్నే చేలోకి వెళ్ళి, సాయంత్రం వచ్చి, పెట్టింది తిని పడుకునేవాడు. పెదనాన్న వసారాలో మడతకుర్చీ వాల్చుకుని కూర్చుంటే ఇల్లంతా గొంతు తగ్గించేది. మా అమ్మకి తగ్గించడానికి గొంతంటూ ఉంటేగా! బావగారికి ఎదురుపడి మాట్లాడటం మా ఇళ్ళలో మరదలికి లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే పెద్దమ్మతో చెప్పేది, పెద్దమ్మ వసారాలోకి వెళ్ళి చెప్పేది. పెద్దమ్మ ఊళ్ళో లేకపోతే తలుపు వెనక నిలబడి గాజులు గలగలమనిపించేది. అప్పుడు పెదనాన్న తల తిప్పకుండా “ఒరే సూరీ, ఏంటో కనుక్కోరా” అనేవాడు. నేను లోపలికెళ్ళి విని, బయటికొచ్చి చెప్పేవాణ్ణి. ఆయన ఇంట్లో లేనప్పుడు కూడా అమ్మ అలవాటుకొద్దీ గుసగుసగానే మాట్లాడేది. ఇది ఆయన పెట్టిన నియమం కాదు, ఆయన పుట్టకముందు నుంచీ ఉన్నదే. పైగా ఆయనకి మా అమ్మంటే ఎంతో గౌరవం. ఆవిడ పెట్టిన చేపల పులుసు తిని, గోడకేసి చూస్తూ “ఇవాళ పులుసు బాగా కుదిరింది” అనేవాడు. అమ్మ తలుపు వెనకే ఉండి ఆ మాట వినేది.

పెదనాన్నకి ఎడ్లని చూడటంలో చుట్టుపక్కల పదూళ్ళలో పేరుండేది. ఎవరు ఎద్దుని కొనాలన్నా ఆయన్ని తీసుకెళ్ళేవారు. నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, నుదుటి మీదా వీపు మీదా సుళ్ళు చూసేవాడు, వెన్ను మీద అరచెయ్యి వేసి తోకదాకా నిమిరి కళ్ళు మూసుకునేవాడు. అదంతా అయ్యాక కూడా బాగుందనేవాడు కాదు. “మూడు రోజులు మన దొడ్లో కట్టేసి చూడాలి” అనేవాడు. మేత ఎలా తింటోంది, కొత్త మనిషిని చూసి బెదురుతోందా, బురదలో దిగితే లాగుతోందా, అవన్నీ చూశాకే మాట. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వస్తున్న కాలంలో ఆయన ఆ విద్యని ఏం చేసుకోవాలో తెలియక, ఇంటికొచ్చిన ప్రతి వస్తువు మీదా ప్రయోగించేవాడు. ట్రాన్సిస్టరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఏదైనా మూడు రోజులు మా ఇంట్లో ఉండి తన గుణం నిరూపించుకోవాల్సిందే.

అందుకే సత్యం మస్కట్ నుంచి తెచ్చిన వీడియో కెమెరాని అమ్ముదామని మా ఇంటికి వచ్చినప్పుడు, పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, వీపు నిమిరి, “మూడు రోజులు ఉంచి వెళ్ళరా” అన్నాడు. సత్యం మా ఊరివాడే, నాలుగేళ్ళు అక్కడ డ్రైవరుగా చేసి వచ్చాడు. పెళ్ళిళ్ళలో భుజం మీద మోసే పెద్ద కెమెరాల రకం కాదిది, అరచేతిలో పట్టేంత ఉంది. గొప్ప సరుకేం కాదని, ఇళ్ళల్లో సరదాకి తీసుకునే రకమని సత్యమే చెప్పాడు. బొత్తాలన్నీ వసారాలో నాకు చూపించాడు. ఇది నొక్కితే ఎర్రలైటు వెలిగి నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, ఇది దూరానివి దగ్గరికి లాగుతుంది, బ్యాటరీ గంటన్నర వస్తుంది. తలుపు వెనక అమ్మ కూడా వింటోందని నాకు తెలుసు. కొత్తది ఏదొచ్చినా ఆవిడ అక్కడినుంచే నేర్చుకునేది, మిక్సీ కూడా అలాగే నేర్చుకుంది. ఆ వారం పెద్దమ్మ తణుకులో పుట్టింటికి వెళ్ళింది.

పెదనాన్న మొదటి పరీక్ష వంటింట్లో పెట్టాడు. బురదలో నడిచిన ఎద్దు రోడ్డు మీద ఎలాగూ నడుస్తుంది, కాబట్టి ఇంట్లో అన్నిటికంటే చీకటైన చోటే పెట్టాలి. మా వంటింట్లో ఊకపొయ్యి, గోడలు మసిబారి నల్లగా నిగనిగలాడేవి, పెరటి తలుపు తీస్తే వచ్చేదే వెలుగు. ఊకపొగా, మజ్జిగా, చింతపండూ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. దీపం గూట్లోంచి బుడ్డి తీసేసి, అక్కడ కెమెరా పెట్టి, పొయ్యివైపు తిప్పి, బొత్తాం నొక్కాను. “బ్యాటరీ ఎంతసేపు వస్తే అంతసేపు నడవనీండి. ఎవ్వరూ ముట్టుకోవద్దు” అని పెదనాన్న ఇల్లంతా వినబడేలా చెప్పి చేలోకి వెళ్ళాడు. నేను పెరట్లో గేదెని కడగడానికి పోయాను. ఆ తర్వాత వచ్చి చూస్తే ఎర్రలైటు ఆరిపోయి ఉంది. టేపు లెక్క చూస్తే యాభై నిమిషాలు. బ్యాటరీ పడిపోయిందనుకుని తీసి చార్జింగులో పెట్టాను. మధ్యాహ్నం కెమెరాని కేబులుతో టీవీకి తగిలించి ముందు రెండు నిమిషాలు వేశాం. పొయ్యిలో నిప్పు, పెరటి గుమ్మంలో తెల్లటి వెలుగు, మధ్యలో అమ్మ చీర అంచు కదులుతూ ఒక నీడ. “చీకట్లో ఇది గుడ్డిదిరా, ఆపెయ్” అన్నాడు పెదనాన్న. అమ్మ ఎప్పటిలా తలుపు దగ్గరే ఉంది. ముఖం పాలిపోయి ఉంది. మసివంటిల్లు టీవీలో కనబడినందుకు చిన్నబుచ్చుకుందనుకున్నాను.

మర్నాడు కొల్లేటికి వెళ్ళాం. దూరానివి దగ్గరికి లాగుతుందన్నాడు కదా సత్యం, గూడబాతుల్ని లాగుతుందేమో చూడాలి. తాటిదోనెలో ఎక్కాక పెదనాన్న అడిగాడు, “టేపులో చోటుందా?” అని. ఉంది. కానీ మొదటినుంచీ తీస్తే బాగుంటుందని నాకు ఆశ. సగంలోంచి మొదలయ్యే సినిమా ఎవరికి కావాలి? వెనక్కి తిప్పుతానన్నాను. “ముందు తీసిందేముందిరా అందులో?” అన్నాడు. “ఏమీ లేదండీ, వంటిల్లు” అన్నాను. వెనక్కి తిప్పి, దాని మీదే పక్షుల్ని తీశాను. నలభై నిమిషాలకి పైగా తీశాను. గుర్రపుడెక్క, నీళ్ళు, ఎక్కడో దూరంగా తెల్లటి చుక్కలు. నా చేతులు నొప్పెట్టేదాకా తీశాను.

మూడో రోజు సత్యం వచ్చాడు. పెదనాన్న కుర్చీలోంచి లేవకుండా తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, అలా గుర్తుండటమే నా ఖర్మ. “చూడరా సత్యం, బరువు లేదు, మా సూరిగాడు కూడా ఎత్తగలుగుతున్నాడు, అది మెచ్చుకోవాల్సిందే. పగటిపూట మనిషిని మనిషిలా చూపిస్తోంది. గాలొస్తే చెవుడు, చీకటైతే గుడ్డి. సరే, ఏ ఎద్దుకైనా ఏదో ఒక వంక ఉంటుంది, దానికి నేను సర్దుకుంటాను. కానీ గంటన్నర నడుస్తుందన్నావు, యాభై నిమిషాలకి పడుకుంది. సగం చేలో పడుకునే ఎద్దు నాకెందుకురా?” సత్యం నొచ్చుకున్నాడు. “అలా అవ్వదండీ బాబుగారూ. నేను ఎన్నిసార్లు చూశానండీ. ఎవరైనా ఆపేశారేమోనండీ” అన్నాడు. “నేను ముట్టుకోవద్దన్నాక మా ఇంట్లో ముట్టుకునేదెవరు?” అన్నాడు పెదనాన్న. అప్పుడు తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. ఆయన మామూలుగానే “ఏంటో కనుక్కోరా సూరీ” అన్నాడు. వెళ్ళాను. అమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచింది, నా వంక చూసింది, మళ్ళీ మూసింది. “ఏం లేదు. కాఫీ తెస్తున్నానని చెప్పు” అంది. అదే చెప్పాను. సత్యం కాఫీ తాగి కెమెరా పట్టుకుపోయాడు. టేపు మేం కొన్నది కాబట్టి మాకే మిగిలింది.

సుధ వచ్చి వెళ్ళిన వారానికి ఆ టేపు పట్టుకుని నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. దారి పొడుగునా చూస్తూ కూర్చున్నాను. నా చిన్నప్పుడు చూసింది చూసినట్టు ఏదీ లేదు. కొల్లేటి వైపు చేలన్నీ చేపల చెరువులయ్యాయి, మా ఇల్లు కొన్నవాళ్ళు వంటింటిని పడగొట్టి కారు పెట్టుకోవడానికి షెడ్డు వేశారట. సుధ ఫోన్లో ఎనిమిది నెలల పిల్లాడివి నాలుగువందల వీడియోలున్నాయి. వాడు తుమ్మింది ఉంది, వాడు తుమ్మబోయి మానేసింది కూడా ఉంది. నవ్వుకున్నాను గానీ నాకు కుళ్ళు కూడా వచ్చింది. మా ఇంట్లో ఎనిమిదిమంది పుట్టి, పెరిగి, పోయినదానికి ఒక్క టేపు మిగిలింది, దాని మీద కూడా నేను కొంగల్ని తీసి పెట్టాను. ఇప్పటివాళ్ళు దేన్నీ చెరపరు, దేన్నీ తిరిగి చూడరు కూడా. ఏది నయమో నాకు తెలియదు. వాళ్ళకి చూడాలనిపించినప్పుడు అది అక్కడ ఉంటుంది, అంతవరకు అదృష్టవంతులు.

సుధ నన్ను బజారుకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక స్టూడియో అతని దగ్గర ఆ రకం టేపు ఆడే పాత కెమెరా ఒకటి ఇంకా బతికుంది. బూజు పట్టి ఉండొచ్చు, ఆశ పెట్టుకోకండని ముందే చెప్పాడు. వేశాడు. గీతలు గీతలుగా నీళ్ళు వచ్చాయి. గాలి హోరు. ఆ హోరులోంచి “అటు తిప్పరా, అదిగో, అటు!” అని పెదనాన్న కేక. “తాతయ్యగారు!” అని సుధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చుక్కలు, నీళ్ళు, చుక్కలు. స్టూడియో అతను ముందుకు తిప్పమంటారా అని రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. అలా నలభై నిమిషాలు దాటాక బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. పొయ్యిలో నిప్పు, గుమ్మంలో తెల్లటి వెలుగు. నేను కూర్చున్న స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. పక్షుల టేపు అయిపోయిన చోట, దాని తర్వాత చెరగకుండా మిగిలిపోయిన వంటిల్లు అది.

అమ్మ పొయ్యి దగ్గర వంగుని ఊక ఎగదోస్తోంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లేచి, పెరటి గుమ్మంలోకి వెళ్ళి బయటికి చూసింది. వసారా వైపు తొంగి చూసింది. ఎవరూ లేరనుకుంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ గూటి దగ్గరికి వచ్చింది, ముఖం తెరంతా నిండి మసకబారింది. కెమెరా వీపు మీద అరచెయ్యి వేసి నిమిరిన చప్పుడు గరగరమంది. “ఏదీ, పళ్ళు చూపించవే. ఎన్ని పళ్ళే నీకు? నిన్ను మూడు రోజులు దొడ్లో కట్టెయ్యాలి!” అంది. అచ్చం పెదనాన్నే. ఆ లాగుడూ, ఆ గొంతు సవరింపూ, అంతా ఆయనే. అని, పకపకా నవ్వింది. మా అమ్మ! నేను ఇన్నాళ్ళూ సన్నటి గొంతు ఊహించుకుంటున్నాను. అది కాదు. కాస్త బొంగురు గొంతు, నిండుగా ఉంది, వీధి చివరి దాకా వినబడే గొంతు. అంత గొంతుని ఆవిడ ఎక్కడ దాచుకుందో, ఎన్నేళ్ళు దాచుకుందో తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. స్టూడియో అతను చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను.

నవ్వు ఆపి, కొంగు సర్దుకుని, కెమెరాకి ఎదురుగా నిటారుగా నిలబడింది. “బావగారూ, ఈ కెమెరా ఉంచేద్దామండీ” అంది. అది బాగాలేదనుకుందేమో, తల అడ్డంగా తిప్పుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. “బావగారూ, మిమ్మల్ని నేనెప్పుడూ ఏమీ అడగలేదండీ. అక్కయ్య ఉంటే అక్కయ్యతో చెప్పించేదాన్నండీ. సూరిబాబు చేత చెప్పిస్తే వాడికే కావాలనుకుంటారు.” తర్వాతి మాట చాలా మెల్లగా, నాకు అలవాటైన గుసగుసలో వచ్చింది. “వాడి గొంతు మారిపోతోందండీ. నెల్లాళ్ళబట్టీ ఒక మాట చిన్నపిల్లాడిలా వస్తోంది, ఒక మాట మగాడిలా వస్తోంది. ఇంకో రెండు నెలలకి అసలుండదండీ అది. పోయేలోపు పట్టి ఉంచుకుందామని…”

అంతలో పెరట్లోంచి ఒక కేక. కీచుగా మొదలై మధ్యలో విరిగి బొంగురైపోయింది. “అమ్మా! కెమెరా ముట్టుకోకు! పెదనాన్నగారు చెప్పారు కదా!” అమ్మ ఉలిక్కిపడింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా ముఖమంతా బెదురు. గబుక్కున చెయ్యి గూట్లోకి వచ్చింది, వేళ్ళు తెరంతా నిండాయి, బొత్తాం నొక్కిన చప్పుడు వినబడింది. తర్వాత నీలంరంగు తెర.

అలా కేకేసిన సంగతి నేను ఆ రోజే మర్చిపోయాను. బ్యాటరీకి ఏమీ కాలేదు, అమ్మే ఆపేసింది. ఆ మాట ఒక్కటి పెదనాన్నతో చెప్పి ఉంటే ఆయన కెమెరా ఉంచేసేవాడు, కోప్పడేవాడు కూడా కాదు. నాకు తెలుసు. అది చెప్పడానికే గాజులు కదిపింది, నన్ను చూసి మానేసింది. ముట్టుకోవద్దని కసిరినవాడే కబురు తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడితే ఏం చెబుతుంది? ఇక ఆ పక్షుల కింద పోయిన నలభై నిమిషాల్లో ఆవిడ ఇంకేం మాట్లాడిందో, ఇంకెవర్ని అనుకరించిందో, ఎంత నవ్విందో, అదంతా ఏమీ లేదని పెదనాన్నకి చెప్పింది నేనే.

స్టూడియో అతను ఆ ఏడు నిమిషాలూ మళ్ళీ వేశాడు, మళ్ళీ వేశాడు. సుధ ఒళ్ళో పిల్లాడు ఆ కేక వచ్చినప్పుడల్లా తెర వంక చూసి కేరింతలు కొడుతున్నాడు. మూడోసారి అయ్యాక సుధ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

“బాబాయ్, చివర్లో చిన్ననాయనమ్మగారిని కసురుతున్న ఆ పిల్లాడు ఎవరండీ?”

మొదటిసారి విన్నప్పుడు నాకూ వెంటనే తెలియలేదు. అమ్మ పట్టి ఉంచుకుందామన్న గొంతు అదే.

“నేనేనమ్మా” అన్నాను.